అన్న తెచ్చిన అంజీరు కొమ్మలు

కామారెడ్డి దాటి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద ఉన్న ఒక నర్సరీలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. దోమకొండ నుంచి పొద్దున బస్సులో వస్తాను, సాయంత్రం బస్సులో పోతాను. మొదట్లో కవర్లలో మట్టి నింపేదాన్ని. తర్వాత కొమ్మలు కత్తిరించి నాటే పని అప్పజెప్పారు. దానిమ్మ, జామ, గులాబీ అందరూ చేసేవాళ్లు. అంజీరు మాత్రం నా వంతుకే వచ్చేది. ఆ కొమ్మ కోస్తే కారే పాలు తగిలి మిగతా ఆడవాళ్లకు చేతులు బొబ్బలెక్కేవి, నాకు కాసేపు దురద పెట్టి ఊరుకునేది. నేను అంజీరు పనిలో పడ్డది ఆ ఒక్క కారణంతోనే, అంతకన్నా గొప్ప సంగతేమీ లేదు.

మా దగ్గర అంజీరు అయిదు పేర్లతో అమ్ముడుపోయేది. పూనా, దినకర్, డయానా, బ్రౌన్ టర్కీ, బళ్లారి. పేర్లు అయిదు గానీ కొమ్మలు కోసుకునే తల్లిచెట్లు నాలుగు వరసలే. కొత్తలో ఒకసారి బళ్లారి వరస ఏదని నర్సరీ సేటును అడిగితే పూనా వరస చూపించాడు.

"గదే. బళ్లారి అడిగినోళ్లకు బళ్లారి అని చీటీ కట్టు," అన్నాడు.

నాకు అది మోసంలా తోచింది. అక్కడ ముప్పై ఏళ్లుగా ఉన్న ముసలి మాలిని అడిగాను. ఆయనది బీదర్ దిక్కు. తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడేవాడు. అందరం కాకా అనేవాళ్లం.

"మోసమేం కాదు బిడ్డా," అన్నాడు కాకా. "మా దిక్కు లగ్గమయినంక పిల్లకు అత్తగారోళ్లు ఇంకో పేరు పెడతరు. పేరు మారితె పిల్ల మారతదా? ఈ చెట్టు గూడ ఊరు ఊరు తిరిగింది. ఒక్కో ఊర్ల ఒక్కో పేరు పడ్డది."

పేరు ఒకటై చెట్లు రెండైన సంగతి కూడా త్వరలోనే ఎదురైంది. పెద్దకొడప్‌గల్ నుంచి ఒకావిడ వచ్చి అత్తి మొక్క కావాలంది. మా పక్క కొందరు అంజీరునే అత్తి అంటారు కాబట్టి అంజీరు కవరు చేతికిచ్చాను. నెల తర్వాత ఆ మొక్క పట్టుకుని మళ్లీ వచ్చింది. ఆమెకు కావాల్సింది మేడి చెట్టట, గురువారం పూజకు. కన్నడం మాట్లాడే వాళ్లింట్లో మేడినే అత్తి అంటారట. ఆమె కోపం చేయలేదు. "పేరు అడిగి ఇచ్చినవు, చెట్టు అడగలే," అని మాత్రం అంది.

ఆ తర్వాత కాకా నన్ను తల్లిచెట్ల మధ్య తిప్పి నేర్పాడు. నేను ఆకుల చీలికలు లెక్కపెట్టబోతే చేయి పట్టి ఆపాడు. "ఆకు జూసి చెప్పకు. ఒక్క కొమ్మ మీదనే మూడు తీర్ల ఆకులుంటయి. లేత కొమ్మకు ఒక తీరు, ముదురు కొమ్మకు ఒక తీరు, నీడల పెరిగినదానికి ఇంకో తీరు. పండు జూడు. మెడ పొడుగా, పొట్టా? అడుగున కన్ను తెరిచి ఉన్నదా, మూసుకున్నదా? కోస్తే లోపల ఏం రంగు? అవన్ని జూసినంక గూడ ఒక్క కాపుకు తీర్పు చెప్పకు. నీళ్లెక్కువైతె ఒక తీరు కాస్తది, తక్కువైతె ఒక తీరు కాస్తది. మూడు కాపులు జూస్తేనే రెండు చెట్లు ఒకటా, వేరా అన్నది తెలుస్తది."

నాలుగైదేళ్లలో నాకు చూపు కుదిరింది. చీటీలు ఊడిపోయిన కవర్లను కూడా వేరు చేయగలిగేదాన్ని. సేటు నా మాట మీద చీటీలు రాయించేవాడు. ఆ సంగతి నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

మా అన్న ఎల్లారెడ్డిలో ఉండేవాడు. ఉండేవాడు అనడం కూడా సరికాదు, ఇల్లు అక్కడ ఉండేది, వదిన అక్కడ ఉండేది. అన్న మాత్రం పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో ఒక అరబ్బు తోటలో పనిచేశాడు. దాన్ని మజ్రా అనేవాడు. రెండేళ్లకోసారి నెల రోజులు వచ్చి పోయేవాడు. బాపు పోయినప్పుడు రాలేకపోయాడు, కన్న అవ్వ పోయినప్పుడు మూడో రోజుకు వచ్చాడు. చివరిసారి మాత్రం ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. రెండు కిడ్నీలూ చెడిపోయాయని అక్కడివాళ్లు పంపించేశారు. అన్నేళ్లు ఆ ఎండలో సరిగ్గా నీళ్లు తాగకుండా పనిచేయడం వల్ల కూడా ఇలా అవుతుందని కామారెడ్డి దవాఖానలో డాక్టరు చెప్పాడు.

"పొద్దంత నీళ్లు పెట్టుడే నా పని సారూ," అన్నాడు అన్న డాక్టరుతో. "చెట్లకు." ఆ మాట ఎలా తీసుకోవాలో తెలియక డాక్టరు కాగితాల్లోకి చూశాడు.

దిగిన నాలుగో రోజున అన్న నర్సరీకి వచ్చాడు. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. చంకలో తువ్వాల మూట ఉంది. విప్పితే తడిగుడ్డలో చుట్టిన ఆరు కొమ్మ ముక్కలు, ఒక్కోటి జానెడు పొడుగు.

"చెల్లె, వీటిని బతికియ్యాలె," అన్నాడు.

"అంజీరు గదనే. ఏం రకం?"

"ఆడ తీన్ అంటరు. మన దిక్కు దొరకది గిది. మజ్రాల నీళ్ల ట్యాంకు పక్కపొంటి ఉండె. ఎండిపోయిందని కొట్టెయ్యమన్నరు. నేనే కొట్టెయ్యకుండ కాపాడిన. నాలుగేండ్లు వాన లేదు, మొగులు మొఖం సూడలే ఆ చెట్టు. అయినా కాసింది."

అన్న జీవితంలో అంతగా మాట్లాడింది ఎప్పుడూ వినలేదు నేను. డబ్బు పంపిన రోజుల్లో ఫోనులో 'అంత మంచిదేనా' అని అడిగి, 'మంచిదే' అనిపించుకుని పెట్టేసేవాడు. ఇప్పుడు ఆ చెట్టు కింద కూర్చుని తిన్న తిండి, అరబ్బు తల్లి పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చి పండు కోసుకుపోవడం, ఆమె ఒకసారి తన చేతికి కూడా ఒకటి ఇవ్వడం, అన్నీ చెప్పాడు. పద్దెనిమిదేళ్లలో చెప్పుకోదగ్గది అతనికి అదొక్కటే మిగిలినట్టుంది.

ఆరు ముక్కల్లో మూడు కుళ్లిపోయాయి. మూడు చిగురేశాయి. వానలు పడ్డాక వాటిని ఎల్లారెడ్డి తీసుకుపోయి, ఇంటి వెనక అన్నకున్న ఎకరం పొలం అంచున బోరు దగ్గర నాటాము.

అప్పటికే అన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. పొద్దున బస్సులో కామారెడ్డి వచ్చి, నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని, ఇంటికి పోతూ నర్సరీ దగ్గర దిగేవాడు. పచ్చ నెట్ కింద ప్లాస్టిక్ డబ్బా బోర్లించుకుని కూర్చుని, నేను కొమ్మలు కోస్తుంటే చూసేవాడు. మంచినీళ్లు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టేవాడు. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని కొలత పెట్టారు. ఎండలో చుట్టూ గొట్టాల్లో నీళ్లు పారుతుంటే అతను పెదవులు తడుపుకుంటూ కూర్చునేవాడు. బస్సు వచ్చే వేళకు లేచి, "మూడు మంచిగనే ఉన్నయి," అని ఇంటి దగ్గరి చెట్ల సంగతి చెప్పి పోయేవాడు.

మరుసటి ఎండాకాలం మొదటి కాపు వచ్చింది. ఒక ఆదివారం రమ్మని కబురు పెట్టాడు. నేను పోయేసరికి వాకిట్లో స్టీలు పళ్లెంలో ఏడు పండ్లు ఉన్నాయి. అన్న వాటి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అతను తినకూడదు. పండ్లు తింటే గుండెకు ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు, అంజీరైతే అసలే వద్దన్నాడు. వదిన తినలేదు. ఆడపడుచును నేను వచ్చి రుచి చూశాకే అని ఆగింది.

వదిన కత్తి తెచ్చి ఒకటి నిలువుగా కోసింది. చూస్తూనే గుర్తుపట్టాను. ఊదా కలిసిన గోధుమరంగు తోలు, మెడ దగ్గర ఇంకా పోని పచ్చదనం, లోపల లేత గులాబీ. నర్సరీలో మూడో వరస. ప్రతి ఏటా వందల కొమ్మలు కోసే బ్రౌన్ టర్కీ. నోట్లో పెట్టుకున్నాను. రుచి కూడా అదే.

అన్న నా నోటి వైపే చూస్తున్నాడు.

"ఎట్లున్నది? చెప్పు చెల్లె. నువ్వు అన్ని తీర్లయి తిన్నవు గద."

"అన్నా," అన్నాను. "గిసువంటిది నేనెన్నడు తినలే."

అతను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. వదిన ఒక ముక్క తిని, "తియ్యగున్నది," అంది. అన్న కళ్లు తెరవకుండానే నవ్వాడు. ఆ నవ్వు చూసి, చెప్పింది మంచికే అనుకున్నాను.

అయినా మనసు ఆగలేదు. ఒక పండు టిఫిను డబ్బాలో పెట్టుకుని మర్నాడు కాకాకు చూపించాను. మూడో వరస నుంచి ఒకటి కోసి పక్కన పెట్టాను. అప్పటికే ఆయన కళ్లలో పొరలు కమ్మాయి. రెండింటినీ వెలుతురు వైపు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నాకైతె ఒక్కటే కొడుతున్నది," అన్నాడు. "అయినా ఒక్క కాపే గద. ఇంకో రెండు జూడు."

నేను మొదటి మాటే విన్నాను. రెండోది చెవిన పడింది గానీ లోపలికి పోలేదు.

ఆ వారంలోనే మరొకటి తెలిసింది. కామారెడ్డిలో ఎండు అంజీరు అమ్మే ఒక ముసలాయన నర్సరీకి మొక్కల కోసం వచ్చాడు. చిన్నప్పుడు అరబీ చదువుకున్నవాడు. మాటల్లో అడిగాను, "చాచా, తీన్ అంటే ఏం రకం?"

"రకం కాదు బేటీ. అరబీల అంజీరునే తీన్ అంటరు. మనం చెట్టును చెట్టు అన్నట్టు."

అన్న పద్దెనిమిదేళ్ల తర్వాత తెచ్చుకున్న పేరు అది. ఆ చెట్టుకు అసలు అక్కడ ఏ పేరూ లేదు. సాయంత్రం దోమకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే తలచుకుంటూ పోయాను. బోరు కింద వరి, మళ్లీ వరి, మధ్యలో కట్టుకుంటున్న ఇండ్లు. ఎవరి మీద కోపమో తెలియని కోపం వచ్చింది. ఆ రోజే అన్నకు చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెప్పలేదు.

దవాఖానలో పక్క మంచాలవాళ్లకు అన్న తన చెట్టు కథ చెప్పడం మొదలుపెట్టాడు. మిషన్ మీద నాలుగు గంటలు పడుకునేవాళ్లకు కథలు కావాలి. వాళ్లలో ఇద్దరు ముగ్గురు తమకూ మొక్క ఇమ్మన్నారట. దాంతో అన్నకు ఎకరమంతా అదే పెట్టాలన్న ఆలోచన పుట్టింది.

వదినకు ఇష్టం లేదు. "వరి ఉంటె తినెటందుకన్న ఉంటయి," అంది నాతో, వంటింట్లో, మెల్లగా. "కని అడ్డం చెప్పబుద్ధి గాదు. వచ్చినకాడి నుంచి ఆయన ఒక్కటన్న కావాలని అడగలే. గిదొక్కటే అడిగిండు."

ఎకరానికి రెండు వందల మొక్కలు కావాలి. మూడు చిన్న చెట్ల నుంచి ఎంత కోసినా అరవై ముక్కల కంటే రాలేదు. వాటిలో నలభై చిగురేశాయి. అన్న వచ్చిన ప్రతిసారీ నెట్ కింద నిలబడి లెక్కపెట్టేవాడు.

"ఇంకెన్ని గావాలె?"

"అయితయన్నా. ఇంకో దఫా కోస్తే అయితయి."

ఇంకో దఫా కోయడానికి అక్కడ కొమ్మలు లేవు. కోస్తే చెట్లే చచ్చిపోయేవి. అతను ఎన్నాళ్లు ఉంటాడో డాక్టరు నాకు విడిగా చెప్పి ఉన్నాడు. నేను సేటును అడిగి మూడో వరస నుంచి కొమ్మలు కోశాను. అవి వేళ్లు పట్టాక అన్న కొమ్మలవి నలభైతో కలిపి ఒకే వరసలో పెట్టాను. వేటికీ చీటీ కట్టలేదు. రెండూ ఒకటే అయినప్పుడు గుర్తులెందుకు అనుకున్నాను. తన చెట్టుతో నిండిన పొలం చూసుకుని పోనీ అనుకున్నాను. ఆ రోజుల్లో నాకది చాలా తేలికైన పనిగా కనిపించింది.

వానాకాలం మొదట్లో నాటించాము. అన్న గట్టు మీద కుర్చీ వేసుకుని గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. కూలీలు ఒక్కో గుంత దగ్గరికి పోతుంటే, "జర లోతుకు పెట్టుండ్రి. వేర్లు విరుగుతయి, మెల్లగ," అంటూనే ఉన్నాడు. తర్వాతి నెలల్లో కాళ్లలో సత్తువ ఉన్న రోజు వరసల మధ్య కర్ర పట్టుకుని తిరిగేవాడట. చెట్టు చెట్టు దగ్గర ఆగి ఏదో అనేవాడట. వదిన చెప్పింది.

చలికాలంలో ఒక బుధవారం, మిషన్ మీదికి పోవాల్సిన పొద్దున, బస్సుకు తయారై అంగీ వేసుకుంటూ మంచం మీద కూర్చుండిపోయాడు. ఊపిరి ఆడలేదు. ఆటో వచ్చేలోగా అయిపోయింది. నేను పోయేసరికి ఆ అంగీ ఒక చేయి తొడిగి, ఒక చేయి తొడగకుండా ఉంది.

తర్వాతి కాపు గురించి నేను పెద్దగా పట్టించుకోలేదు. వదినకు తోడుగా నెలకోసారి పోయి నీళ్లు, ఎరువు చూసి వచ్చేదాన్ని. వానలు ఆ ఏడు తెరిపి లేకుండా కురిశాయి. బోరు దగ్గర పల్లం కావడంతో మూడు తల్లిచెట్ల చుట్టూ వారం పైగా నీళ్లు నిలిచాయి. ఆకులు పండి రాలిపోయాయి. కాండం గోకి చూస్తే లోపల నల్లగా ఉంది. అన్న చేతులతో తెచ్చిన మూడూ అలా పోయాయి. నేను పెద్దగా ఏడవలేదు. పొలం నిండా అదే ఉంది కదా అన్న ధైర్యం నా మనసులో ఎక్కడో ఉంది.

వాన వెలిసిన ఒక ఆదివారం పొలంలోకి దిగాను. కాపంతా పాడైపోయి ఉంది. పండ్ల కన్నులు విచ్చుకుని, నీళ్లు లోపలికి పోయి పులిసిపోయాయి. చీమలు, ఈగలు, పులిసిన వాసన. ఒక్కో చెట్టూ చూస్తూ పోతుంటే నాలుగో వరసలో ఒక చెట్టు మీద పండ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్క చెట్టు పాడు. ఇంకో మూడు చెట్లు దాటాక మళ్లీ ఒకటి బాగుంది. మొదట మెరక వల్ల అనుకున్నాను. కానీ బాగున్నవీ పాడైనవీ ఒకే ఎత్తులో, పక్కపక్కన ఉన్నాయి.

ఒక పండు తిప్పి చూశాను. కన్ను గట్టిగా మూసుకుని ఉంది. దాని మీద తేనెబొట్టులా ఎర్రని జిగురు చుక్క ఒకటి ఎండి అంటుకుని, లోపలికి నీటిచుక్క పోకుండా అడ్డం పడింది. మెడ పక్క చెట్టు పండు కన్నా కొంచెం పొడుగు. ఆ మెడ దగ్గర ఒంగి, పండు కిందికి వేలాడుతోంది, వాన కన్ను మీద పడకుండా. రంగు అదే. లోపలి గులాబీ అదే. ఎండాకాలంలో కోసి పళ్లెంలో పెడితే ఈ కొద్దిపాటి తేడా కంటికి ఆనదు. వానలోనే కనిపిస్తుంది.

అక్కడే బురదలో గట్టు మీద కూర్చున్నాను.  అవి రెండూ ఒకటి కావు. నలభై మొక్కలు అన్న తెచ్చిన చెట్టువి. మిగతావి నేను తెచ్చి కలిపినవి. ఏవి ఏవో నాకు తెలియదు.

కాకా అప్పటికి పని మానేసి పెద్దకొడప్‌గల్‌లో కూతురింట్లో ఉంటున్నాడు. రెండు తీర్ల పండ్లు, రెండు తీర్ల కొమ్మలు పట్టుకుని పోయాను. చూపు పూర్తిగా పోయింది. అరుగు మీద కూర్చుని పండ్లను వేళ్లతో తడిమాడు. మెడ పట్టుకుని చూశాడు, కన్ను మీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

"రెండు ఒకటి కావు బిడ్డా," అన్నాడు. "శాన దగ్గరి చుట్టాలు. అన్నదమ్ములసువంటియి. కని ఒకటి కావు."

"అప్పుడు ఒక్కటే అన్నవు గద కాకా."

"అన్న. ఇంకో రెండు కాపులు జూడమని గూడ అన్న."

 మరి మా అన్న తెచ్చినదాని అసలు పేరేమిటని అడిగాను.

"ఎవరికెరుక? మన నర్సరీల మూడో వరస అసలు బ్రౌన్ టర్కీనే అని నువ్వు చెప్పగలవా? ఎవరో చీటీ కట్టి అమ్మిండ్రు, మనం తెచ్చినం. ఆ చీటీ జూసే మనం అమ్మినం. ఆ చీటీ రాసినోడు ఎవన్ని జూసి రాసిండో." ఆయన పండ్లు నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. కూతురు చాయ్ తెచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ కాపులోనే, పండ్లు చెట్ల మీద ఉండగానే, మూడు ఆదివారాలు పొలంలో తిరిగి గుర్తులు కట్టాను. కన్ను, మెడ, జిగురు చుక్క, మూడూ కలిసిన చెట్టుకు ఎర్ర దారం. పదకొండింటికి కట్టాను. మరో ఏడెనిమిది నన్ను ఎటూ తేల్చుకోనివ్వలేదు. కాయలు లేనివి, చచ్చిపోయినవి పోగా మిగతావన్నీ నర్సరీవే.

మూడో ఆదివారం వదిన గట్టు మీదికి వచ్చి నిలబడింది.

"ఏంది గా దారాలు?"

ఇక దాచలేకపోయాను. అన్నీ చెప్పాను. మొదటి రోజు పళ్లెం దగ్గర నేనాడిన అబద్ధం, మూడో వరస, చీటీలు కట్టకపోవడం, వానలో తెలిసిన తేడా.  అంతా విన్నాక వదిన పొలం వైపు చూసింది.

"ఆయన ఒక్కొక్క చెట్టు కాడ నిలవడి మాట్లాడెటోడు," అంది. "గవి ఎవరియి మరి?"

"శానమటుకు నర్సరీయి వదినా."

"నీ నోటితోటి తిన్నవు గద. ఎన్నడు తినలే అంటివి గద."

"ఆయన పాణం మంచిగుంటదని..."

"నువ్వు కలిపినప్పుడే నిజం జెప్తె గా మూడు చెట్లనే తీసి ఇంటిముందర మెరకల పెట్టుకుంటుంటిమి. గవన్న ఉంటుండె." ఆమె గొంతు పెంచలేదు. "పొద్దువోతున్నది. ఇంటికి వో."

తర్వాత ఏడెనిమిది నెలలు మాటల్లేవు. ఫోను చేస్తే ఎత్తేది కాదు. ఆమె అన్నదాంట్లో తప్పు వెతుక్కోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. అన్న నవ్వు గుర్తు చేసుకునేదాన్ని. కానీ ఆ నవ్వు కోసమే అబద్ధం చెప్పానా, లేక ఇన్నేళ్లు నేర్చుకున్న నా చూపు తప్పదన్న గర్వంతో ఆ తర్వాతి పనులన్నీ చేశానా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే, రెండోదే ఎక్కువని తేలేది. నాకు అనుమానం ఉండి ఉంటే ఆ నలభై కవర్లకు చీటీలు కట్టేదాన్ని. అనుమానం లేదు. అదే నా తప్పు.

ఎండాకాలం మొదట్లో వదినే ఫోను చేసింది. "పొలం మక్కకు కౌలుకిచ్చిన. చెట్లు తీపిస్తున్న. కొమ్మలు గావాలంటె ఆయిత్వారంలోపట కోసుకపో," అని పెట్టేసింది.

పోయాను. అప్పటికి నీళ్లు పెట్టక ఆకులు రాలి చెట్లన్నీ మోడులై ఉన్నాయి. కాయ లేదు, ఆకు లేదు, బెరడు రంగు అన్నిటికీ ఒకటే. దారాలే దిక్కు. పదకొండింట్లో అయిదు మాత్రమే చెట్ల మీద కనిపించాయి. మిగతావి గాలికి పోయాయో, మేకలు తిన్నాయో. ఆరో దారం కొమ్మ మీద లేదు, కింద మట్టిలో పడి ఉంది, రెండు చెట్లకు నడుమ. ఆ రెండింట్లో దేనిదో తెలియలేదు. అయిదు చెట్ల నుంచే కొమ్మలు కోశాను. కోసినచోట పాలు కారి మణికట్టు దాకా పాకాయి. వదిన తలుపు తీసి బయటికి రాలేదు. మర్నాడు ట్రాక్టరు వచ్చి చెట్లన్నీ పీకేసిందని ఆ ఊరి ఆటోవాళ్లు చెప్పారు.

కొమ్మలు నర్సరీలో ఒక మూల నాటాను. సగానికి పైగా చిగురేశాయి. అవి కాపుకొచ్చి, వాన పడి, ఆ వానలో కన్నులు మూసుకుంటాయా లేదా చూడడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. వాటికి ఏం చీటీ కట్టమంటావని సేటు రెండుసార్లు అడిగాడు. అమ్మవద్దని చెప్పి, ఏమీ కట్టలేదు.

మొన్న వానాకాలం మొదట్లో, పింఛను కాగితాల పని మీద కామారెడ్డి వచ్చిన వదిన నర్సరీ దగ్గర బస్సు దిగింది. నన్ను పలకరించలేదు. నేరుగా నెట్ కిందికి వచ్చి ఆ మూలకు పోయి నిలబడింది. కవర్లలో మోకాలి ఎత్తు మొక్కలు. ఒకదాని ఆకు చేత్తో పట్టుకుంది.

"గివేనా?"

"గివే అనుకుంటున్న వదినా."

"అనుకుంటున్నవా, ఎరుకేనా?"

"అనుకుంటున్న."

ఆమె ఆకు వదిలేసింది. చాయ్ తాగుతావా అంటే వద్దంది. ఒక మొక్క తీసుకుపోతావా అని అడగాలనుకున్నాను. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. ఎక్కి, ఎడమ పక్క సీట్లో కూర్చుని, కొంగుతో మొఖం తుడుచుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, నేను మళ్లీ పనిలోకి పోయాను. ఆ రోజు దానిమ్మ కొమ్మలు నాటే పని ఉంది.